పొట్ట ఉబ్బిన సున్నా

నీలం మంట.

బుస్సుమంటున్న నీలం మంట. దానిలో గాజు గొట్టం తిరుగుతోంది... తిరుగుతోంది...

ఉన్నట్టుండి మంట అంచు పచ్చబడింది. పెళ్లికూతురి పాదాలకు రాసినంత పసుపు!

గాజు మెత్తబడిందన్నమాట.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో రాజనర్సు కార్ఖానా. ఎల్లుండి ఆబిడ్స్‌లో కొత్త బట్టల దుకాణం తెరుస్తారు. దానికి నియాన్ బోర్డు — చీరల నిలయం. అన్ని అక్షరాలూ వంచేశాడు. చివరి సున్నా ఒక్కటే మిగిలింది. గాజు గొట్టాలు రెండే మిగిలాయి. బొంబాయి నుంచి మళ్లీ రావాలంటే పది రోజులు.

గాజంటే ఏముంది — ఇసుక, సోడా, సున్నం. ఈ సంగతి చెప్పింది విద్యావతి. కోఠి వైపు ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది.

ఇసుక మహా మొండిది. ఎంత మండించినా కరగనంటుంది. సోడా వచ్చి బతిమాలుతుంది. అప్పుడు తక్కువ మంటకే దిగొస్తుంది. కానీ ఆ మెతకదనానికి నీళ్లు తగిలితే కరిగిపోతుంది. సున్నం వచ్చి నిలబెడుతుంది.

మంచుగడ్డ అయితే గడ్డ, లేకపోతే నీళ్లు. గాజు అట్లా కాదు. ఎప్పుడు మెత్తబడిందో దానికే తెలియదు. మెల్లగా... మెల్లగా...

రాజనర్సుకూ తెలియలేదు.

విద్యావతి ప్రతి శనివారం కాలేజీ ల్యాబులో పగిలిన గాజు ఫ్లాస్కు తెచ్చేది. అతికించి ఇచ్చేవాడు. వచ్చే శనివారానికి ఇంకొకటి! ఏ కాలేజీలో ఇన్ని పగులుతాయి? అతను అడగలేదు. అడిగితే పగలడం ఆగిపోతుందేమో...

గాజు వంచేటప్పుడు నోట్లో రబ్బరు పైపు. దానిలోంచి గాజులోకి సన్నగా ఊదాలి. ఊపిరి ఆగితే వంపు నొక్కుకుపోతుంది. ఎక్కువైతే బుడగ. మాట — అస్సలు కుదరదు.

అందుకే వాళ్లవ్వ — కన్నతల్లి — లక్ష్మీనర్సమ్మ సరిగ్గా అప్పుడే వస్తుంది!

పైపు నోట్లో ఉండగా అడిగి తన తమ్ముణ్ణి రెండు నెలలు ఇంట్లో పెట్టుకుంది. పైపు నోట్లో ఉండగా అడిగి కొడుకు కొత్త సైకిల్ ఆ తమ్ముడికే ఇచ్చింది. వద్దనలేదంటే ఔనన్నట్టే.

ఈ శనివారం అవ్వ మళ్లీ వచ్చింది. మంట పసుపైంది. గాజు బయటికి తీశాడు. వంచుతున్నాడు...

"కొడుకా, నీకు పిల్లను చూసిన. ఖాయం చేస్త. ఔ గదా?"

సైకిల్ పోతే పోయింది. ఇది సైకిల్ కాదు!

పైపు ఉమ్మేశాడు. "వద్దవ్వా! గా పిల్ల నాకు వద్దే వద్దు!"

ఊపిరి లేని సున్నా అప్పడంలా నొక్కుకుపోయింది.

"ఏంది, విద్యావతి వద్దా? వారం వారం ఫ్లాస్కు పగలగొట్టే పిల్ల మనసు నాకు తెల్వదా? వాళ్ల నాయినను గూడ అడిగొస్తి గదరా! పిల్ల ఇష్టం అన్నడు."

గుమ్మంలో విద్యావతి. అంతా వినేసింది. చేతిలో ఫ్లాస్కు. ఈసారి పగలనే లేదు. తొందరలో మరిచిపోయినట్టుంది.

"వద్దే వద్దా?" అంది.

"అట్ల గాదు... నాకు తెల్వక..."

"మీ లొల్లి తర్వాత చూస్కోన్రి!" బట్టల దుకాణం యజమాని సదాశివ గుమ్మం బయట రిక్షాలోంచే అరుస్తున్నాడు. "రేపు గ్యాస్ నింపాలె. సున్నా ఏదయ్యా? లేకుంటే బోర్డే వద్దు!"

చివరి గొట్టం. మంట పసుపైంది. తీశాడు. వంచాడు. ఊదుతున్నాడు... సన్నగా... సన్నగా...

లక్ష్మీనర్సమ్మ విద్యావతి చెవిలో గుసగుసలాడింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా. పైపు నోట్లనే ఉన్నది. ఇప్పుడడుగు. ఊకున్నడంటే ఔనన్నట్టే."

"నాకట్ల నడవదు అత్తమ్మా. నోటితోనే చెప్పాలె."

అత్తమ్మా?

అత్తమ్మా అందా?... అంది!

"ఔ!"

అన్నాడు. పైపులోకే అన్నాడు. బయటికి చప్పుడే రాలేదు. మాటంతా గాజులోకి పోయింది.

సున్నాకు ఒక పక్క పొట్ట ఉబ్బింది. అట్లాగే గట్టిపడింది.

"గీ పొట్టేందయ్యా!" లోపలికొచ్చిన సదాశివ తల పట్టుకున్నాడు.

విద్యావతి సున్నాకేసి చూసింది.

"జవాబు నేనేం వినలేదు," అంది. పెదవి చివర ఏదో వంగింది... నవ్వో, కాదో.

రాజనర్సు నోరు తెరవబోయాడు. పైపు ఇంకా పళ్ల మధ్యే ఉంది.

ఆమె పగలని ఆ ఫ్లాస్కును మంటలో పెట్టింది. తిప్పుతోంది... తిప్పుతోంది...

పగులుతుందో. మెత్తబడుతుందో.

నీలం మంట.

అంచున — సన్నగా — పసుపు...