మా ఆయన ఎప్పుడూ ఓడిపోయే ఆట

మా ఆయన బర్ల్ పోయాక వచ్చిన వసంతకాలంలో నాకు పోకర్ నేర్చుకోవాలనిపించింది. అప్పటికి నాకు యాభై దాటాయి. చేత్తో పేకముక్క పట్టి ఎరగను. మా పుట్టింట్లో పేకదస్తాను సైతాను బొమ్మల పుస్తకం అనేవాళ్ళు.

బర్ల్ మాత్రం గురువారం వస్తే చాలు, పత్తి మిల్లు నుంచి ఇంటికొచ్చి, మెడ వెనక అంటుకున్న దూది నలుసులు పోయేలా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హాలిస్ ఇంటికి వెళ్ళేవాడు. హాలిస్ రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. మూడోవాడు లాలో కాంతూ, మెక్సికన్ల పేటలో మాంసం కొట్టు నడిపేవాడు. ఆ పేట వాళ్ళను మా టెక్సస్ ఊళ్ళో వెనక గుమ్మం దగ్గరే నిలబెట్టి పంపేసే రోజుల్లోనూ ఆ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు.

ఇంట్లో మాత్రం బర్ల్ నోటివెంట మాట రావడం గగనం. "ఉప్పు ఇలా ఇవ్వు." "మబ్బు పట్టింది." అంతే. చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే మంచం పక్క నుంచి కదిలేవాడు కాదు, కానీ అప్పుడూ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చునేవాడు. అలాంటి మనిషి పోతే ఇంట్లో నిశ్శబ్దం కొత్తగా ఏమీ ఉండదనుకున్నాను. ఒక గురువారం అలవాటుకొద్దీ ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, కుర్చీకి తగిలించాక గానీ, తొడుక్కునే మనిషి లేడని గుర్తు రాలేదు. మర్నాడు హాలిస్‌కి ఫోన్ చేశాను.

"నాకు ఆట నేర్పాలి."

"ఏ ఆట?" అన్నాడు.

"ముందు ఏది నేర్చుకోవాలో అది."

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ మా వంటింట్లోకి వచ్చారు, చర్చికి వచ్చినట్టు తల దువ్వుకుని. పీచ్ పళ్ళతో కాబ్లర్ అనే తీపి వంటకం చేసి పెట్టాను. పందేనికి తలా గుప్పెడు ఎండు చిక్కుడు గింజలు పోశాను. ముక్కలు కలపకముందే తగువు మొదలైంది.

"ముందు డ్రా నేర్చుకోవాలి అమ్మాయ్," అన్నాడు హాలిస్. "ఐదు ముక్కలొస్తాయి. నచ్చనివి పడేసి వేరేవి తీసుకుంటావు. అన్నీ నీ చేతిలోనే ఉంటాయి. ఒక జంట పెద్దదా, ఒకే రకానివి మూడు పెద్దవా, ముందు అది వంటబట్టాలి కదా. నడక రాకుండా పరుగేంటి?"

లాలో తల అడ్డంగా ఊపాడు. అతను నన్నెప్పుడూ వాళ్ళ పద్ధతిలో, గౌరవంగా, దోన్యా అనే పిలిచేవాడు. "ఆయన మాట వినకండి, దోన్యా ఒలీటా. అందరి ముక్కలూ మూసి ఉంటే ఎదుటివాడి దగ్గరేముందో ఎలా తెలుస్తుంది? చీకట్లో కోడిని పట్టుకున్నట్టుంటుంది. స్టడ్ నేర్చుకోండి. ఏడింట్లో నాలుగు బల్లమీద తెరిచే ఉంటాయి. చూస్తూ నేర్చుకోవచ్చు."

"ఎవడేం పడేశాడో గుర్తు పెట్టుకోవాలని కూడా చెప్పు మరి. నీకే గుర్తుండి చావదు."

"నువ్వు పడేసినవే గుర్తుండవు. పడేయాల్సినవి ఎప్పుడైనా పడేస్తే కదా."

వయసులో పెద్దవాడని ముందు హాలిస్‌ని పంచమన్నాను. ఐదు ముక్కలూ విప్పి చూసుకున్నాను.

"ముగ్గురు రాణులొస్తే మంచిదేనా?" అని అడిగాను.

హాలిస్ తన ముక్కలు బల్లమీద పెట్టేశాడు. "మంచిదే. కానీ అలా అడక్కూడదు."

లాలో నవ్వు ఆపుకోలేక కాబ్లర్ నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత అతని స్టడ్ ప్రయత్నించాం. అందరి ముక్కలూ పక్కింటి తీగమీద ఆరేసిన బట్టల్లా కనిపిస్తుంటే, ఏవి ఎవరివో తేల్చుకునేలోగా ఆట అయిపోయింది.

"బర్ల్ ఏది ఆడేవాడు?" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మా దగ్గర పంచేవాడి ఇష్టం," అన్నాడు హాలిస్. "తన వంతుకి ఏ ఆట కావాలంటే అది చెప్పొచ్చు. బర్ల్ వంతుకి మాత్రం ఎప్పుడూ హోల్డెమే. చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు."

"బాగా ఆడేవాడా?"

"లేదు," అన్నాడు లాలో జాలిగా. "ఎప్పుడూ ఓడిపోయేవాడు."

"మరెందుకు ఆడేవాడు?"

"అందులో మధ్య ముక్కలు ఒకేసారి తెరవరు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. నడుమ కబుర్లు చెప్పుకోవడానికి వీలుగా ఉంటుందనేవాడు."

"కబుర్లా? బర్ల్?"

"నోరు మూయించలేక చచ్చేవాళ్ళం," అన్నాడు హాలిస్. "నీ పాము కథ ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. కోళ్ళగూట్లో దూరిన విషప్పాము. నువ్వు పారతో ఒక్క వేటు వేసి, ఏమీ జరగనట్టు లోపలికెళ్ళి రొట్టె పొయ్యిలో పెట్టావట."

"ఏటికేడు ఆ పాము పెరిగేది," అన్నాడు లాలో. "చివరిసారి చెప్పినప్పుడు తల గూట్లో ఉంటే తోక రోడ్డుమీదుంది. అది చచ్చేసరికి తన పందెం సంగతే మర్చిపోయేవాడు."

నాకు నవ్వు రాలేదు. లేచి వెళ్ళి, కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టాను. అన్నేళ్ళు నా ఎదురుగా కూర్చుని ఉప్పు తప్ప ఏమీ అడగని మనిషి, వీళ్ళ దగ్గర వారం వారం నన్ను వీరవనితను చేశాడా. ఆ మాటలన్నీ నాకు రావలసినవి. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

నా వెనక హాలిస్ గొంతు తగ్గించి అన్నాడు: "ఒకసారి అడిగాను. ఇంట్లో కూడా ఇలాగే వాగుతావా అని. 'ఇంట్లో చెప్పడానికేముంది, ఆవిడ అక్కడే ఉంటుందిగా' అన్నాడు."

పళ్ళెం తుడిచి పెట్టాను. కాసేపటికి వచ్చి కూర్చున్నాను.

"హోల్డెమ్ పంచండి."

"మొదటిసారికి అది కష్టం అమ్మాయ్. చేతిలో రెండే ఉంటాయి, ఆలోచించాల్సింది బోలెడు."

"రెండే కదా. పట్టుకోవడం తేలిక."

లాలో పంచాడు. నాకు రెండూ ఏడు అంకెవే వచ్చాయి, మంచివేనా అని ఈసారి అడగలేదు. మధ్యలో మూడు ముక్కలు తెరిచాక నాలుగు గింజలు ముందుకు తోశాను. హాలిస్ ఎనిమిది తోశాడు.

"ఆ పాము మూరెడు కూడా లేదు," అన్నాను. "విషప్పామూ కాదు, ఎలకల్ని తినే పాము. రొట్టె కూడా అబద్ధం, ఆ రోజు బట్టలుతుకుతున్నాను. భయంతో ఆ సాయంత్రం గుడ్లు తీయడానికి కూడా వెళ్ళలేదు."

"అలా చెప్పకు," అన్నాడు హాలిస్. "మాకు ఆయన చెప్పిన పామే కావాలి."

"దోన్యా ఒలీటా," అన్నాడు లాలో మెల్లగా, "మీ వంతు వచ్చి చాలాసేపైంది."

ఆ ఆట ఓడిపోయాను. ఆ తర్వాత గురువారాలు మా వంటింటికి మారాయి. డ్రా కూడా నేర్చుకున్నాను, స్టడ్‌లో అయితే లాలోనే ఏడిపించేదాన్ని. వాళ్ళిద్దరూ ముక్కలు తెరిచే నడుమ నాకు బర్ల్ గురించి ఒక్కో సంగతీ చెప్పేవాళ్ళు. కొన్నేళ్ళకి కొత్తవి అయిపోయాయి. చెప్పినవే మళ్ళీ చెబుతుంటే వినేదాన్ని.

హాలిస్ కూడా పోయాడు. లాలో ఇంకా వస్తాడు, చేతికర్రతో, భార్య మొక్కజొన్న పిండితో చేసిన తమాలేలు సంచిలో పెట్టుకుని. చూపు బాగా తగ్గింది. తన రెండు ముక్కలూ ముక్కుకి ఆనించుకుని చూసుకుంటాడు. మధ్యలోవి నేను చదివి చెబుతాను: ఇస్పేటు తొమ్మిది, కళావరు రాణి, ఆటీను మూడు. నమ్ముతాడు.