పోనీలెండి అనే మెషీను

రాక్షసుడి నోట్లోకి ఇనప బంతి కొట్టడంలో ఏం సుఖముందో కథలమ్మకి ఇన్నేళ్లయినా బోధపడలేదు. బోధపడకపోయినా ఆమె బతుకంతా ఆ బంతి చుట్టూనే తిరిగింది. ఆమె బాబాయ్ పిన్‌బాల్ మెషీన్లు తయారుచేస్తాడు. పొడవాటి రేకుల షెడ్డు, ఒక మూల ప్లైవుడ్ కోసే రంపం, ఇంకో మూల టంకం వాసన, మధ్యలో కాళ్లు బిగించని మెషీన్లు వెల్లకిలా పడుకుని ఉంటాయి. ప్రతి మెషీనుకీ ఒక కథ కావాలి. అద్దం కింద వాలుగా ఉన్న పలక మీద బంతి దొర్లుతుంది, కింద రెండు రెక్కలుంటాయి, మీట నొక్కితే ఆ రెక్కలు బంతిని మళ్లీ పైకి తంతాయి. ఆ బంతి ఎక్కడికి పోతోంది, ఎందుకు పోతోంది అన్నదే కథ. అది అల్లేది తనే కాబట్టి కథలమ్మ అయింది. ఇప్పుడెవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆమె అల్లిన కథల్లో చివరి రెండూ బోల్తా కొట్టాయి. దెయ్యాల కోట ఒకటి, గ్రహాల యుద్ధం ఒకటి. బోల్తా అంటే అసలెవరూ ఆడలేదని కాదు, ఎప్పుడూ ఆడేవాళ్లే ఆడారు. వాళ్లు మెషీను కాళ్లు చూసి అది ఏ కాలం నాటిదో చెప్పగల ఘనులు. మిగతా లోకం పక్కనుంచి నడిచిపోయింది. ఒకరో ఇద్దరో ఆగినా, అద్దం మీద వేలు పెట్టి, "మాకు రాదండీ ఇవన్నీ," అని, ఏదో తప్పు చేసినట్టు చెయ్యి వెనక్కి లాక్కుని వెళ్లిపోయారు. ఆ మాట వింటే కథలమ్మకి ఒళ్లు మండేది. పుడుతూనే ఆట వచ్చినవాళ్లెవరట?

కొత్త మెషీనుకి కథ ఎంచాల్సిన రోజు బాబాయ్ ఇద్దరినీ కూర్చోబెట్టాడు. ఒకరు కథలమ్మ, రెండోవాడు బొమ్మలు వేసే బావ. బావ అంటే బాబాయ్ అల్లుడు. అక్కని చేసుకుని, అక్కతో పాటు షెడ్డునీ చేసుకున్నాడని కథలమ్మ ఆటపట్టిస్తుంటుంది.

"చూడండి," అన్నాడు బాబాయ్, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని. "గాజు పెట్టెలో కొక్కెం దించి బొమ్మల్ని పట్టుకునే ఆట లేదూ? ఆ పెట్టెలు చేసిపెట్టమని ఒకాయన వెంటపడుతున్నాడు. ఈసారి కూడా ఆ పాతవాళ్లే ఆడితే, ఇక మనం పిన్‌బాల్ ఆపేసి ఆ పెట్టెలే చేసుకుందాం."

కథలమ్మ లెక్క వేసుకుంది. కొక్కెం పెట్టెకి కథ అక్కర్లేదు. బొమ్మ ఉంటే చాలు, కొక్కెం ఉంటే చాలు. అంటే తను అక్కర్లేదు. వేరే పని దొరక్కపోదు, కానీ వేరే పని చెయ్యాలని ఆమెకి ఏనాడూ అనిపించలేదు. అంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. ఒకప్పుడు మెషీను తయారవగానే మొదటి బంతి తనే కొట్టి చిన్నపిల్లాడిలా ఎగిరిన మనిషి, ఈ రోజు ఆపేద్దాం అన్న మాట అంత తేలిగ్గా ఎలా అన్నాడు?

"ఉక్కు రాక్షసుడు!" అన్నాడు బావ, కాగితం మీద అప్పుడే కోరలు గీసేస్తూ. "ఇంత నోరు. బంతి లోపలికెళ్తే కళ్లు ఎర్రగా వెలుగుతాయి."

"నువ్వు గీసిన రాక్షసులందరికీ మీ పాత ఆఫీసరు ముఖమే వస్తుంది బావా," అంది కథలమ్మ. బావ ఇక్కడికి రాకముందు ఇంకోచోట ఉద్యోగం చేసి వచ్చాడు.

"సరే, నీదేంటో చెప్పు మరదలా."

"ఇల్లు మారుతున్నాం."

"ఎప్పుడు? మొన్ననేగా మారారు?"

"కథ బావా, కథ! మెషీను పేరు అదే. ఇల్లు మారుతున్నాం." చెప్పడం మొదలెట్టాక ఆమెకి ఊపిరి తిరగలేదు. మెట్ల మలుపులో బీరువా ఇరుక్కుపోతుంది. అటు తిప్పండని ఒకరు, ఇటు తిప్పండని ఒకరు. తాళంచెవి ఏ డబ్బాలో పెట్టామో ఎవరికీ గుర్తుండదు. పరుపు మెట్ల మీంచి జారుకుంటూ వచ్చేస్తుంది. బంతి ఆ మెట్లెక్కాలి, బీరువాని కదిలించాలి, తాళంచెవి వెతకాలి. "రాక్షసుణ్ని ఎవరు చూశారు చెప్పు? ఇల్లు మారనివాళ్లెవరు?"

"సామాను మొయ్యడం కూడా ఆటేనా? అంత సరదా ఉంటే మా ఇంటికి రమ్మను, ఊరికే మోయించుకుంటా."

బాబాయ్ నవ్వలేదు. కాదనీ అనలేదు. "రెండూ చెయ్యండి. జనం ముందు పెడదాం. వాళ్లే చెప్తారు," అని లేచి వెళ్లిపోయాడు.

రెండు మెషీన్లూ తయారయ్యాయి. రోడ్డు మీద నుంచి నేరుగా లోపలికి రాగలిగే ఒక ఆటల హాల్లో, ఆదివారం పొద్దున, పక్కపక్కన పెట్టారు. ఎవరైనా ఊరికే ఆడొచ్చని తలుపు మీద రాశారు. బాబాయ్ దూరంగా గోడవారన కుర్చీలో కూర్చున్నాడు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

పాతవాళ్లు వచ్చి తిన్నగా రాక్షసుడి దగ్గరికి వెళ్లారు. బంతి జారిపోయినప్పుడల్లా రాక్షసుడు "హహ్హహ్హా! ఇంతేనా నీ ప్రతాపం?" అని హాలు దద్దరిల్లేలా నవ్వుతున్నాడు. వాళ్లకి అలవాటే, వాళ్లూ నవ్వారు. కొత్తవాళ్లు గుమ్మంలోనే ఆగి, ఆ నవ్వు విని, బయటికి చూపు తిప్పుకున్నారు. ఇల్లు మారే మెషీను దగ్గర నరపురుగు కూడా లేదు. కథలమ్మ గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది.

చాలాసేపటికి చేతిలో కూరగాయల సంచి ఉన్న ఒకావిడ వచ్చింది. బీరువా బొమ్మ చూసి ఆగి నవ్వుకుంది. "మాదీ ఇలాగే ఇరుక్కుంది," అని తనలో తనే అనుకుంది.

"ఆడండమ్మా," అంది కథలమ్మ.

"అబ్బే, మాకు రాదండీ."

"ఎవరికీ రాదు. ఒక్కసారి."

ఆవిడ సంచి రెండు కాళ్ల మధ్య పెట్టుకుని, మీటల మీద చేతులు వేసింది. బంతి పైకెళ్లింది, బీరువాకి తగిలింది, తిన్నగా వచ్చి రెక్కల మధ్య నుంచి పోయింది. ఆవిడ భుజాలు ముడుచుకుని కళ్లు మూసుకుంది, ఎవరో తిట్టబోతున్నట్టు.

మెషీను లోపల్నుంచి ఒక ఆడగొంతు వచ్చింది. "పోనీలెండి. కాలికేం గుచ్చుకోలేదు కదా? ఉండండి, ఇంకోటి తెస్తాను."

అంతలో ఇంకో బంతి వచ్చి సిద్ధంగా నిలబడింది.

కథలమ్మ గోళ్లు కొరకడం ఆపేసింది. అది పిన్ని గొంతు. బాబాయ్ భార్య గొంతు. కొత్త మెషీనుకి మాటలు మొదట ఇంట్లోవాళ్ల చేతే చెప్పించి రికార్డు చేస్తారు, దాన్ని వీళ్లు కచ్చా గొంతు అంటారు. మెషీను కుదిరాక, అలవాటున్న వాళ్లని పిలిచి మళ్లీ చెప్పిస్తారు. బంతి పోయినప్పుడు పిన్ని చెప్పాల్సిన మాట బావ రాసిచ్చాడు, "చేతకానప్పుడు ఎందుకు ముట్టుకున్నావయ్యా?" అని. పిన్ని చెప్పింది కూడా. ఆ తర్వాత మైకు కట్టెయ్యకముందే, పక్కనే కూర్చున్న బాబాయ్ చేతిలో నీళ్ల గ్లాసు జారి పగిలింది. ఏడాదిగా ఆయన చెయ్యి వణుకుతోంది. ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. పిన్ని మైకు వదిలేసి ఆయనతో అన్న మాటే ఇది.

కథలమ్మ పరుగున బావ దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. "ఏం పెట్టావ్ బావా లోపల?"

బావ ముఖం పాలిపోయింది. "రికార్డులో రెండు ముక్కలూ పక్కపక్కనే ఉన్నాయి. వినకుండా రెండోది ఎక్కించేశాను. చచ్చాం మరదలా."

"ప్లగ్ పీకెయ్!"

"ఆవిడ ఆడుతోందిగా, ఎలా పీకను?"

ఆవిడ ఆడుతూనే ఉంది. ఇంకో బంతి పోయింది, మెషీను ఇంకోసారి పోనీలెండి అంది. ఆవిడ ఈసారి పైకే నవ్వింది. "అయ్యో, ఎంత మర్యాదగా చెప్తోందండీ! మా ఇంట్లో ఎవరూ నన్ను మీరు అనరు." తలుపు దగ్గర నిలబడ్డ చెల్లెల్ని కేక వేసి పిలిచింది. చెల్లెలు వచ్చింది, ఆడింది, ఓడింది, పోనీలెండి అనిపించుకుంది. ఆ మాట కోసమే ఇంకోసారి ఓడింది. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, స్కూలు టీచర్లా ఉన్న ఇంకొకాయన, ఇద్దరు నర్సులు, ఒకరి వెనక ఒకరు చేరారు. చూస్తుండగానే లైను తలుపు దాటి రోడ్డు మీదికి వెళ్లింది. రాక్షసుడి దగ్గర నవ్వుతున్న పాతవాళ్లు కూడా ఆ గోలేమిటో చూద్దామని ఇటు వచ్చారు.

కథలమ్మకి సంతోషించే తీరిక లేదు. ఆమె బాబాయ్ వైపే చూస్తోంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంట్లో, నాలుగు గోడల మధ్య, తన చేతిలో గ్లాసు జారినప్పుడు భార్య అన్న మాట ఇప్పుడు హాలంతా వింటోంది. ఎందుకన్నదో బయటివాళ్లెవరికీ తెలియదు, ఆయనకి తెలుసు. అప్పుడు కథలమ్మకి అంతా తేటతెల్లమైంది. ఆయన కొత్త మెషీన్ల మీద మొదటి బంతి కొట్టడం ఎందుకు మానేశాడో, ఈ చేతులు ఎప్పుడూ జేబుల్లో ఎందుకుంటున్నాయో, పిన్‌బాల్ ఆపేద్దామని అంత తేలిగ్గా ఎందుకన్నాడో. ఆయన జనానికి భయపడలేదు. తన చెయ్యి అందరి ముందు ఓడిపోతుందని భయపడ్డాడు. పాపం, ఇంతకాలం ఆ భయం ఒక్కడే మోశాడు కదా అనుకుంది.

బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. ప్లగ్ పీకడానికే వస్తున్నాడనుకుని బావ గోడకి అంటుకుపోయాడు. ఆయన వచ్చి మెషీను పక్కన నిలబడ్డాడు. టోపీ ముసలాయన, "మీరు కొట్టండి పెద్దాయనా, మాకేం తొందర లేదు," అని పక్కకి జరిగాడు.

బాబాయ్ జేబుల్లోంచి చేతులు తీశాడు. కుడిచెయ్యి వణుకుతోంది, అందరికీ కనిపించేలాగే వణుకుతోంది. మీటల మీద పెట్టాడు. బంతి పైకెళ్లింది, మెట్లెక్కబోయి వెనక్కి దొర్లింది. ఆయన మీట నొక్కేసరికే అది రెక్కల మధ్య నుంచి పోయింది.

"పోనీలెండి," అంది పిన్ని లోపల్నుంచి. "కాలికేం గుచ్చుకోలేదు కదా? ఉండండి, ఇంకోటి తెస్తాను."

బాబాయ్ అలాగే నిలబడిపోయాడు. ఇంతలో కూరగాయల సంచి ఆవిడ ముందుకి వంగి, ఓదార్పుగా, "మొదట్లో అందరికీ అంతేనండీ. నాకూ అలాగే పోయింది. రెండు మీటలూ ఒకేసారి నొక్కకండి, బంతి దగ్గరికొచ్చేదాకా ఆగండి, వచ్చేస్తుంది," అంది.

బావకి దగ్గు ముంచుకొచ్చింది. ఈ మెషీన్లు తన చేత్తో చేసిన మనిషికి, పొద్దున మొదటిసారి మీట ముట్టుకున్న ఆవిడ ఆట నేర్పుతోంది. బాబాయ్ ముఖంలో కోపం వస్తుందేమోనని కథలమ్మ వెతికింది. రాలేదు. ఆయన పెదవులు ముందు కదిలాయి, తర్వాత బుగ్గలు, చివరికి పొట్ట కూడా. ఎన్నాళ్లకో ఆయన అలా నవ్వడం చూసింది.

"అంతేనంటారామ్మా? ఏదీ, ఎలా ఆగాలో ఒకసారి చూపించండి," అని చోటిచ్చాడు.

ఆవిడ చూపించింది. ఆయన శ్రద్ధగా చూశాడు. మిగిలిన బంతులు కొట్టాడు, అవీ పోయాయి. ప్రతిసారీ పిన్ని పోనీలెండి అంది, లైనులో ఉన్నవాళ్లు కూడా ఆమెతో కలిసి పోనీలెండి అన్నారు. ఆట అయిపోయాక ఆయన కథలమ్మ వైపు తిరిగాడు.

"ఆ కొక్కెం పెట్టెలాయనకి ఫోన్ చేసి, మాకు కుదరదని చెప్పెయ్ తల్లీ."

కథలమ్మకి ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు, నవ్వూ ఆగలేదు. "మరి గొంతు బాబాయ్? అలవాటున్న వాళ్లెవరినైనా పిలిచి మళ్లీ చెప్పిద్దామా?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను. మీ పిన్నికి నేను చెప్పుకుంటాను, ఆ తిట్లేవో నేను తింటాను."

"రాక్షసుణ్నేం చెయ్యమంటారు?" అన్నాడు బావ దీనంగా.

"వాడికీ మర్యాద నేర్పించు," అన్నాడు బాబాయ్. చేతులు బయటే ఉన్నాయి. టోపీ ముసలాయనకి థాంక్స్ చెప్పి, నర్సుల పక్కనుంచి, తలుపు దాటి రోడ్డు మీదికి నడిచి, వెళ్లి లైను చివర నిలబడ్డాడు.