స్టెల్లా నొక్కిన అంకె

నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఆసుపత్రి పంపులు తయారవుతాయి. రోగి నరంలోకి మందు ఎంత వేగంగా వెళ్లాలో ఆ పంపే చూసుకుంటుంది. దాన్ని నడిపే ప్రోగ్రాము రాసింది లోహిత.

పంపు మెమరీని పేజీలుగా విడగొట్టి, ఏ ప్రోగ్రాము ఏ పేజీలో రాయొచ్చో ఆమె కట్టడి పెట్టింది. తెర మీద బొమ్మలు చూపే ప్రోగ్రాము దారితప్పి మందు మోతాదు ఉన్న పేజీలో రాయబోతే, పంపు ఆగిపోయి అలారం మోగుతుంది. పరీక్షల్లో అది మాటిమాటికీ మోగింది.

"తెర ప్రోగ్రాములో యాడో తప్పుండాది సార్. కనుక్కునేదానికి టైమియ్యండి," అని లోహిత మేనేజర్ హరినాథ్‌ను బతిమాలింది.

"ఆగిపోయే పంపును ఎవరు కొంటారమ్మా? ఆ కట్టడి తీసెయ్."

లోహిత తీయనంది. ఆయన ఇంకొకరి చేత తీయించాడు. పంపులు ఆగడం మానేశాయి.

ఆ ఎండాకాలం తిరుపతి ఆసుపత్రిలో, రోజంతా మెల్లగా ఎక్కాల్సిన మందు, ఆ పంపు పెట్టిన యశోదమ్మ అనే రోగికి కాసేపట్లోనే ఎక్కేసింది. వడమాలపేట నుంచి వచ్చి, తన కాళ్ల మీదే నడిచి ఆసుపత్రిలో చేరిన మనిషి, మంచం మీదే పోయింది. నర్సు స్టెల్లా తప్పు అంకె నొక్కిందని కంపెనీ తేల్చింది. ఆసుపత్రి ఆమెను ఉద్యోగంలోంచి తీసేసింది.

లోహిత ఆ చావు మీద జరిగిన విచారణకు వెళ్లి జరిగిందంతా చెప్పింది.

"కట్టడి తీసినారు, సరే. ఆ పొద్దు మోతాదును తెర ప్రోగ్రామే చెరిపిందని రుజువేది?" అన్నాడు అధికారి.

రుజువు లేదు. కట్టడి ఉండి ఉంటే, ఏ ప్రోగ్రాము ఏ పేజీ మీద పడిందో పంపే రాసిపెట్టేది. యశోదమ్మ పోగానే పంపు ఆపేశారు. మెమరీలో ఉన్నదంతా పోయింది. వారం తిరక్కుండానే లోహిత ఉద్యోగమూ పోయింది.

ఆమె శ్రీకాళహస్తిలో స్టెల్లా ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. స్టెల్లా వాకిట్లో బట్టలు ఉతుకుతోంది. చిక్కి సగమైంది.

"ఆ పంపు ప్రోగ్రాము రాసింది నేనే. తప్పు నీది కాదు స్టెల్లా. పంపుది. నువ్వు సరిగ్గానే నొక్కినావు."

స్టెల్లా తలెత్తలేదు. "మొదట్లో నేనూ అట్లే అనుకున్యానక్కా. అందరూ అడిగి అడిగి... ఇప్పుడు కండ్లు మూస్తే నా వేలు తప్పు అంకె మీద పడినట్టే కనపడతా ఉండాది."

"అది నిజం కాదు!"

"మీరు సూసినారా అక్కా?"

స్టెల్లా తడిబట్టను మళ్లీ రాయికేసి బాదసాగింది.