స్టీరింగ్ కింది ముడుపు

గౌరయ్య చనిపోయాక, రెండువేల మూడు వేసవిలో, ఆయన పాత మారుతి వ్యాన్ ఒక్కనాడూ ఉడకకుండా సుచిత్ర చౌరస్తా చేరలేదు. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి కూరగాయల గంపలతో బయలుదేరి, బండ్ల రద్దీలో చిక్కగానే ఆవిరి కక్కేది. కొడుకు దేవేందర్ అది చల్లారేదాకా ఆగి, రేడియేటర్‌లో నీళ్లు పోసి మళ్లీ నడిపేవాడు. చివరికి విసిగి తుక్కువాళ్లతో మాట్లాడాడు. తల్లి కమలాబాయి ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి భర్త పక్క సీట్లో కూర్చుని బేరానికి వెళ్లిన ఆమెకు, ఆ బండిని పంపడమంటే ఆయనను రెండోసారి సాగనంపడమే.

"మేడ్చల్ల బాలేష్‌కు సూపియ్యి. ఆయినె గుడ గాదంటే అమ్ముకో" అంది.

మెకానిక్ బాలేష్ ముందు రేడియేటర్ ఫ్యాన్ ఫ్యూజు చూశాడు; బాగానే ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు తగిలిస్తే ఫ్యాన్ గిర్రున తిరిగింది. కాబట్టి లోపం మోటారులో లేదు. దాని దాకా కరెంటు రావడం లేదు. వేడిని పసిగట్టి ఫ్యాన్‌ను తిప్పవలసిన సెన్సరు వైర్లను ఎవరో ఎన్నడో తెంపి, వేరే వైరు లోపలికి లాగారు. అది స్టీరింగ్ కింద వేలాడుతున్న పసుపుగుడ్డ ముడుపులోకి పోయింది.

"పెద్దమ్మా, గిది ఇప్పాలె" అన్నాడు, వెంట వచ్చిన కమలాబాయితో.

"దాని జోలికి వోకు. మైసమ్మ ముడుపు."

"నాయిన వోయినకాంచి నన్ను గుడ ముట్టనిస్తలేదన్నా" అన్నాడు దేవేందర్. "దుమ్ము దులుపుతనంటె తిట్లే."

శామీర్‌పేట దాటాక కట్టమైసమ్మ గుడి రాగానే గౌరయ్య చెయ్యి ఆ ముడుపును తాకి, కళ్లకు చేరేది. పక్కన ఆమె కూడా దండం పెట్టుకునేది. గదేందని ఒకనాడు అడిగితే ఆయన నవ్వాడు: "మైసమ్మనే. మనల సల్లగ సూస్తది."

ఇదంతా బాలేష్‌కు చెప్పి, కమలాబాయి తానే ముడి విప్పింది. కుంకుమ, ఒక రూపాయి బిళ్ల, వాటి వెనుక చిన్న స్విచ్.

బాలేష్ తాళం తిప్పి స్విచ్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది.

"సెన్సర్ ఖరాబైతే డైరెక్ట్ జేపిచ్చిండు. గుడికాడి నుంచే రద్దీ షురువైతది గద, ఆడ ఏసేటోడు."

"సల్లగ సూసుడంటే గిదా నాయినా!" దేవేందర్ పగలబడి నవ్వాడు. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పుడు బాలేష్ ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల బయటికి తీశాడు. దానికి పాలు ఎక్కువైన చాయ్ రంగు జిగురు అంటుకుని ఉంది.

"ఆయిల్ల నీళ్లు గలిసినయ్ తమ్మీ. ఉడికి ఉడికి హెడ్డు వోయింది. ఇంజన్ ఇగ బత్కది."

ముట్టనివ్వలేదు గనుక స్విచ్ పడలేదు. స్విచ్ పడలేదు గనుక ఫ్యాన్ తిరగలేదు. ఫ్యాన్ తిరగక ఇంజన్ కాలింది. ఈ వరుస ఎవరూ పైకి చెప్పనక్కరలేకపోయింది.

"నేనే గద బిడ్డా" అంది కమలాబాయి.

"నీకేం ఎర్కనే అమ్మా. నాయిన జెప్పకపాయె."

ఆమె తన పాత సీట్లో కాసేపు కూర్చుని ఫ్యాన్ చప్పుడు విన్నది.

"తుక్కోళ్లను రమ్మను" అని, చెయ్యి చాచి స్విచ్ ఆర్పింది. రెక్కలు ఆగాయి. ఆ చెయ్యి అలవాటుగా కళ్లకు చేరింది.