స్టోర్స్ సెక్షన్‌లో ఖాళీ కుర్చీ

నేను ఒక కుర్చీని. నల్ల రెగ్జిన్, అయిదు చక్రాలు. బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా పక్కనే, ప్యాకింగ్ సెక్షన్ బల్ల దగ్గర ఉన్నది నా తోబుట్టువే. ఇద్దరినీ ఒకే మేస్త్రీ బిగించాడు, ఒకే ట్రాలీ ఆటోలో పటాన్‌చెరు దగ్గరి ఈ మందుల కంపెనీకి తెచ్చారు. అయినా దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. దాపరికమెందుకు, కుళ్ళే!

ఏప్రిల్ ఆఖరున మా స్టోర్స్ ఇన్‌చార్జి రంగయ్య గారు రిటైరయ్యారు. అదే వారం ప్యాకింగ్ సూపర్‌వైజరూ మానేశాడు. రెండు చోట్లకూ మనుషుల్ని వెతకాల్సింది హెచ్చార్‌లో ఉండే హైమవతి ఒక్కతే. పక్కదానికి తొమ్మిది రోజుల్లో సాదిక్ అనే కుర్రాడు దొరికాడు. నాకు మాత్రం ఎవరూ రాలేదు. ఒకే హైమవతి, ఒకే పేపర్లో ప్రకటన. మరి తేడా ఎక్కడ వచ్చిందంటారా? మేనేజర్ల దగ్గర.

ప్యాకింగ్ రజియా మేడం పొద్దున మనిషిని చూసి సాయంత్రానికి మాట చెప్పే రకం. మా నరహరి గారికి, ఖాళీ ఉందన్న కాగితం మీద సంతకం పెట్టడానికే మూడు వారాలు పట్టింది. ఆ తరువాత కోరికల చిట్టా ఇచ్చారు: పదేళ్ళ అనుభవం ఉండాలట, వయసు ఇరవై ఆరు దాటకూడదట! అంటే బడికెళ్ళే వయసులోనే గోదాములో చేరి ఉండాలన్నమాట. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు.

ఇంతలో హెడ్డాఫీసు కబురు పంపింది. జూలై ఆఖరులోగా నింపకపోతే పోస్టు రద్దు. పోస్టు పోతే నేనూ గోదాము మూలకే. అప్పుడొచ్చింది ఎస్తేరు రాణి. సరుకు లెక్క చూపించమని ఆమెను నా మీదే అరగంట కూర్చోబెట్టారు. ఎంత కుదురుగా కూర్చుందని! నా మనిషి దొరికిందనుకున్నాను.

"అమ్మాయి బాగుంది," అన్నారు నరహరి గారు. "కానీ ఇప్పుడు ఆషాఢం కదమ్మా. శ్రావణ శుక్రవారం చేర్చుకుందాం."

"గంతదాంక ఆమె ఆగుతదా సార్? ఆమెకు ఆషాఢం పట్టింపు లేదు," అంది హైమవతి.

"ఆవిడకి లేదేమో, మన స్టోర్సుకి ఉంది."

"కనీసం లెటరన్నా ఇద్దాం సార్."

"శుభమా అని ఇచ్చే లెటరు శూన్యమాసంలో ఇస్తారా ఎవరైనా!"

నాలుగు రోజులు గడిచాయి. సాదిక్‌ను వేరే ప్లాంటుకు మార్చారు. రజియా మేడం టీ తాగుతూ, "హైమా, ఆ ఎస్తేరు నంబరు ఇటియ్యి," అంది. అంతే. మర్నాడు పొద్దున్నే ఎస్తేరు రాణి వచ్చింది. నా ముందు నుంచే నడిచి వెళ్ళి పక్కదాని మీద కూర్చుంది. అది కిర్రుమని ఒళ్ళు విరుచుకుంది. పాపిష్టిది! దానికి మూడు నెలల్లో రెండోసారి, నాకు ఒక్కసారీ లేదు.

శ్రావణ శుక్రవారం నరహరి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, లెటరుకు పసుపు రాసి మరీ తెచ్చారు.

"ఏదమ్మా ఆ అమ్మాయి?"

హైమవతి పక్క బల్ల వైపు చూపించింది. ఆయన నోరు తెరిచి, "అదేంటమ్మా, కాస్త ఆగలేకపోయావా?" అన్నారు.

"ఆగిన సార్," అంది ఎస్తేరు రాణి లేచి నిలబడి. "నాలుగు దినాలు ఆగిన. ఒక్క ఫోన్ రాలే."

హెడ్డాఫీసు అన్నట్టే జూలై ఆఖరున పోస్టు పోయింది. నన్ను మాత్రం ఎవరూ కదపలేదు. ఎస్తేరు రాణి రోజూ వచ్చి దాని మీద కూర్చుంటుంది, అన్నం సంచి నా మీద పెడుతుంది. ఆ వెచ్చదనం కాసేపు నాదే. ఒంటిగంటకు అదీ తీసేసుకుంటుంది.