బతికున్నోళ్ల హాజరు

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక. ఒత్తులు తప్పితే మన్నించండి. పేజీ రాయడానికి నాకు వారం పడుతుంది. అయినా ఇది రాయకుండా ఉండలేకపోయాను.

కర్మన్‌ఘాట్‌లో తెల్లవారుతుండగా ఊడ్చే ఆడవాళ్లు పద్నాలుగు మంది వరుసలో నిలబడ్డారు. హాజరంటే ఇప్పుడు ఫోనుకు ముఖం చూపించడమే. సత్తెమ్మ చూపించింది. తెర ఎర్రబడింది. కొంగుతో చెమట తుడుచుకుని మళ్లీ చూపించింది. మళ్లీ ఎరుపే.

"నీ పేరు లేదు, జరుగు," అన్నాడు సూపర్‌వైజర్ బాల్‌రాజ్.

"పదకొండేండ్ల సంది ఉన్న పేరు ఏడికి పోయింది?"

పదో తరగతి చదివిన గీత ఫోనులోకి తొంగి చూసింది. "అత్తా, నీ ఫొటో కింద 'మరణించారు' అని ఉన్నది."

"సచ్చినా డ్యూటీకి ఒచ్చింది సూడుండ్రి!" అంది ముత్తమ్మ. వరుసంతా నవ్వింది.

సత్తెమ్మ నవ్వలేదు. కాలువ తీస్తుంటే గాజుపెంకు దిగి వాళ్లలోనే ఒకతె సుష్మిత వేలు కుళ్లింది. అందుకని నాలుగు రోజుల కిందే కాంట్రాక్టర్ జనార్ధన్‌ను చేతి తొడుగులు అడిగింది సత్తెమ్మే.

ఫోనులో ఆ హాజరు యాప్ చేసిందెవరో వాళ్లకు తెలుసు. అతనుండేది వాళ్లు రోజూ ఊడ్చే వీధే. "మీ హాజరు మా శ్రీకరే తయారు చేశాడమ్మా," అని వాళ్లమ్మ ఉదయలక్ష్మి గేటు దగ్గర ఎన్నిసార్లో చెప్పుకుంది. పద్నాలుగు మందీ చీపుర్లతోనే ఆ గేటు ముందుకు పోయారు.

శ్రీకర్ కాఫీ గ్లాసుతో బయటికొచ్చాడు. మెత్తని పిల్లవాడే.

"ఆ బటన్ చనిపోయినవాళ్ల కోసం పెట్టానండీ. వాళ్ల పేరుతో దొంగ హాజరు పడకూడదని. కాంట్రాక్టర్ ఇలా వాడతాడని నాకేం తెలుసు? నొక్కింది నేను కాదు కదా."

"నొక్కెతందుకు జాగ పెట్టింది నువ్వే గద బిడ్డా," అంది సత్తెమ్మ. "నా పెనిమిటి సచ్చినప్పుడు, సచ్చిండని నమ్మిచ్చెతందుకు మూడు నెలలు దవాఖాన సుట్టు, ఆఫీసుల సుట్టు తిరిగిన. బతికున్న నన్ను సంపెతందుకు నీ ఫోను ఒక్క కాయితం గూడ అడగదా?"

శ్రీకర్ గ్లాసు గోడ మీద పెట్టాడు. "అడిగేలా చేయొచ్చు. అప్పుడు అంత దూరం ఆలోచించలేదు."

"గదే రాసియ్యి. సంతకం పెట్టు."

"రాస్తే నా ఉద్యోగం పోతుందండీ."

"మా అత్తది పోయింది," అంది గీత.

ఉదయలక్ష్మి కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. తలుపు పడింది.

మర్నాడు పదమూడు మందీ ముఖం నిండా కొంగు కప్పుకుని ఫోను ముందు నిలబడ్డారు. సత్తెమ్మ ముఖం ఒప్పుకుంటేనే తమ ముఖాలు చూపిస్తామన్నారు.

"ముసుగులు తియ్యుండ్రి!" బాల్‌రాజ్ అరిచాడు.

"సచ్చినోళ్ల మొకం కప్పుతరు గద సారూ," అంది ముత్తమ్మ.

జనార్ధన్ కారు దిగలేదు. అద్దం దించి తల ఊపాడు. బాల్‌రాజ్ బొటనవేలు ఆ 'మరణించారు' బటన్ మీద పదమూడు సార్లు కదిలింది. అంతలో ట్రాలీ ఆటోల్లో కొత్త ఆడవాళ్లు దిగారు. "వద్దక్కా, మొకం సూపకుండ్రి, రేపు మిమ్ముల గూడ గిట్లనే సంపుతరు," అని సత్తెమ్మ అడ్డం నిలబడింది. వాళ్లు తల దించుకుని ఆమెను తప్పుకుని పోయారు. వాళ్లదీ ఆకలే.

పద్నాలుగు మందినీ ఎక్కించుకున్న పోలీసు వ్యాన్ శ్రీకర్ ఇంటి ముందు నుంచే పోయింది. అతను డాబా మీద నిలబడి చూశాడు. దిగి రాలేదు.

పని ఎవరికీ తిరిగి రాలేదు. ఆ సంగతి దాచను.

స్టేషన్‌లో రైటర్ తలెత్తకుండా అడిగాడు. "పేరు?"

"సత్తెమ్మ. మంచిగ రాసుకో సారూ. నిన్నటి సంది సచ్చిన మనిషిని. బతికున్ననని కాయితం మీద పడ్డది గిప్పుడే."

ఆమె వెనక పదమూడు మంది ముసుగులు తీసి వరుసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే ముందుకొచ్చి, బయటి రోడ్డుకు వినపడేంత గట్టిగా తమ పేరు చెప్పారు.

ఆ పదమూడు మందిలో నేనూ ఉన్నాను: మేకల లచ్చమ్మ, అరవై మూడేండ్లు, ఇప్పుడుండేది అల్మాస్‌గూడ.