పైన ఉన్నాడు

తపస్సుకాలం ముగిసేలోగా గురువు ముందు పాపాలు ఒప్పుకుని, ఒప్పుకున్నట్టు చీటీ తీసుకోనివాళ్ల పేర్లు గుడిలో పైకి చదువుతారు. అందుకే సిప్రియానా వరుసలో నిలబడింది. ఆమె ఎంచుకున్నది ఊరివాడైన చిన్న గురువు పాద్రి సెవెరీనో వరుస. అటు జనం ఎక్కువయ్యారని గుడి సేవకుడు ఆమెను తమను ఏలే స్పెయిన్ దేశపు పెద్ద గురువు పాద్రి బెల్ట్రాన్ వైపు తోశాడు.

"పోవే, ఆయనకు మన భాషలో సగం మాటలు తెలీవు. సగం పాపాలు నీ దగ్గరే మిగుల్తాయి," అని పొరుగింటి తోమాసా నవ్వింది.

సిప్రియానాకు నవ్వు రాలేదు. వంతెనకు వెట్టిగా దూలాలు మోయలేక మేస్త్రీని కొట్టి, ఆమె భర్త హెర్మో కొండల్లోకి పారిపోయి ఎనిమిది నెలలయింది. కనబడితే కాల్చమని భటులకు ఉత్తర్వు. అతడు చాటుగా దిగివచ్చి పోతున్నందుకు ఆమెకిప్పుడు మూడో నెల.

పాపాలు వినే పెట్టె జాలీ వెనకనుంచి, వచ్చీరాని భాషలో ప్రశ్న సూటిగా వచ్చింది. "నీ మొగుడు ఎక్కడ ఉంది?"

ఇక్కడ అబద్ధమాడితే పాపం, నిజం చెబితే అతడి చావు. కొండను ఊరంతా పిలిచే మాటే ఆమె నోట వచ్చింది. "పైన ఉన్నాడు స్వామీ."

పాద్రి బెల్ట్రాన్ ఆ మాటను జపాల పుస్తకంలో నేర్చుకున్నాడు. అందులో పైన ఉండేది పరలోకం ఒక్కటే.

"అయ్యో," అన్నాడు గొంతు తగ్గించి. "బయటికి రా. మరణాల పుస్తకంలో రాయాలి."

బెల్ట్రాన్ పిలవగా వచ్చి బల్ల దగ్గర కలం పట్టిన సెవెరీనో, "పైన అంటే..." అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"అందరిలాగే కొండ జ్వరం కదా?" అన్నాడు బెల్ట్రాన్. ఆమె తల వంచుకుంది. "ఎప్పుడు పోయింది?"

ఎనిమిది నెలలంటే బిడ్డకు తండ్రి లేకుండా పోతాడు. పారిపోయినవాణ్ని ఇన్నాళ్లు దాచినందుకు తనకు ఏ శిక్షైనా పడనీ.

"పోయిన నెల పైకి వెళ్లాడు స్వామీ."

సెవెరీనో తలెత్తకుండా రాశాడు. ఇక హెర్మోను ఎవరూ వెతకరు.

"చావుగంట కొట్టండి!" అని బెల్ట్రాన్ కేకేశాడు.

"ఇప్పుడొద్దు స్వామీ!"

"ఎందుకు వద్దు? నీ మొగుడు క్రైస్తవుడు కాదా?"

మొదటి దెబ్బ కొండలదాకా మోగింది. కడుపుతో ఉన్న పెళ్లాన్ని ఊళ్లో వదిలి, రాత్రింబగళ్లు ఇటే చెవి పెట్టుకున్నవాడు ఆ గంట ఎవరికనుకుంటాడు?

సిప్రియానా చీటీ మరిచి మెట్లు దిగింది.

"ఏమేవ్, అటెక్కడికే?" అని తోమాసా అరిచింది.

ఆమె అప్పటికే కొండదారిన పరుగెడుతోంది. అతడు దిగేలోగా ఆమె ఎక్కాలి.